క్లాసిక్ 350కి మెత్తని శాడిల్ బ్యాగులు: ఏ రకం తీసుకోవాలి?

ప్రశ్న (గుంటూరు, అరండల్‌పేట):
నమస్కారమండీ. నా దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉంది. కార్తీక మాసంలో మా ఆవిడతో కలిసి నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లి, ఒక రాత్రి ఉండి తిరిగి రావాలనుకుంటున్నాను. ఇనుప పెట్టెలు బరువని, సీటుకు రెండు వైపులా వేలాడే బట్ట బ్యాగులు చూస్తున్నాను. కొన్నిటికి విడిగా వాన తొడుగు ఇస్తున్నారు, కొన్నిటిని పూర్తి వాటర్‌ప్రూఫ్ అంటున్నారు. ఏది మేలు, ఎన్ని లీటర్లవి కావాలి? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (విజయవాడ, పటమట):
మీరు అడిగిన రెండింటికంటే ముందు చూడవలసింది బ్యాగు వేలాడే చోటు. మీ బండికి సైలెన్సర్ కుడివైపు ఉంటుంది. మెత్తని బ్యాగుకు సొంతంగా నిలిచే ఆకారం ఉండదు కనుక, సామాను నిండగానే దాని అడుగు కిందికి జారి లోపలికి వంగుతుంది. నైలాన్ సుమారు 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది, పీవీసీ పూత అంతకంటే చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది. సైలెన్సర్‌కు ఆనుకుని ఘాట్ ఎక్కితే బ్యాగు పనికిరాకుండా పోతుంది. కాబట్టి శాడిల్ స్టే, అంటే బ్యాగును సైలెన్సర్‌కు, చక్రానికి తగలకుండా ఆపే ఇనుప చట్రం, బిగించుకోండి. సైలెన్సర్‌కు ఉన్న ఎడాన్ని బ్యాగు నిండుగా ఉన్నప్పుడు చూడాలి. చక్రానికి ఉన్న ఎడాన్ని మాత్రం ఇద్దరూ కూర్చుని, షాక్ అబ్జార్బర్లు అణిగినప్పుడు చూడాలి.

ఇక వాన సంగతి. కార్తీకంలో మన వైపు తుపాను వానలు మామూలే. వాన తొడుగు హైవే వేగానికి గాలి పట్టి ఊడుతుంది, లేదా అడుగున నీళ్లు నిలిచిపోతాయి. అతుకులను కుట్టకుండా వేడితో అతికించి, మూతిని కనీసం మూడు మడతలు చుట్టి బిగించే రకం నయం. ధర ఎక్కువనిపిస్తే మామూలు బ్యాగే కొని, బట్టలను లోపల మందపాటి వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టుకోండి. నిజానికి నాకు నచ్చే పద్ధతి ఇదే. డెనియర్ అంకె చూసి మోసపోవద్దు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది, నీటిని ఆపడంతో దానికి నేరుగా సంబంధం లేదు.

ఒక్కో వైపు 20 నుంచి 25 లీటర్లు చాలు.

మరో సమాధానం (గుంటూరు, లక్ష్మీపురం):
స్టే లేకుండా సీటు కింద పట్టీలు వేసి కూడా చాలామంది తిరుగుతున్నారు. ఒంటరిగా వెళ్లేవారికి అది సరిపోవచ్చునేమో గాని, మీకు నేనూ ఆ సలహా ఇవ్వను. అయితే అసలు ప్రశ్న మరొకటి ఉంది: మీ శ్రీమతి గారు రెండు వైపులా కాళ్లు వేసి కూర్చుంటారా, ఒకవైపు కూర్చుంటారా?

ప్రశ్న అడిగినవారు:
చీర కడతారు కనుక ఒకవైపేనండీ. ఆ సంగతి నేను ఆలోచించలేదు.

సమాధానం (విజయవాడ, పటమట):
అలాగైతే ఎడమ బ్యాగు కుదరదు. కాళ్లు పెట్టవలసిన చోటనే అది వేలాడుతుంది. కుడివైపు ఒక్కటే తగిలిస్తే బరువు ఒక పక్కకు లాగుతుంది. అంత దూరం, అందులోనూ ఘాట్ మలుపుల్లో, ఒకవైపు కూర్చోవడం ఎలాగూ మంచిది కాదు. ప్రయాణం వరకు చుడీదార్ వేసుకుని, గుడి దగ్గర చీర మార్చుకోవడానికి వారు ఒప్పుకుంటేనే శాడిల్ బ్యాగులు కొనండి. లేదంటే వెనుక క్యారియర్ మీద కట్టే టెయిల్ బ్యాగు, ముందు ట్యాంక్ బ్యాగు తీసుకోండి. ఒక రాత్రి సామానుకు ఆ రెండూ సరిపోతాయి.

ఆటోనగర్‌లో స్టే బిగించేవారు ఎవరైనా చోటు చాలదని శారీ గార్డ్ తీసేద్దామంటే ఒప్పుకోకండి. వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం చెబుతోంది. బ్యాగుల వెనుక ఇండికేటర్లు కనబడుతున్నాయో లేదో చూసుకుని, మిగిలిన పట్టీల కొసలను చైనుకు అందకుండా మడిచి కట్టించండి.