రికార్డు ప్లేయర్‌కి బ్లూటూత్ స్పీకర్ కలవడం లేదు, ఏటి చెయ్యాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి):
అందరికీ నమస్కారం. మా మావయ్యగారి రికార్డులన్నీ ఇప్పుడు మా ఇంటికి వచ్చేయి. ఎక్కువ ఎల్పీలే, అంటే ఎక్కువసేపు పాడే ప్లాస్టిక్ రికార్డులు. అడుగున కొన్ని పాత బరువైన ప్లేట్లున్నాయి, వాటిలో ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ కూడా ఉన్నాది. మన సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషి, ఈ ఊళ్లో ఉండి అది వినకపోతే ఎలాగని ఆన్‌లైన్‌లో సూట్‌కేస్ రకం ప్లేయర్ తెప్పించేను. అట్టపెట్టె మీద బ్లూటూత్ అని పెద్ద అక్షరాలు. దాని సొంత స్పీకర్లు మరీ నాసి. హాల్లో మంచి బ్లూటూత్ స్పీకర్ ఉన్నాది, ఫోన్‌కి ఇట్టే కలుస్తాది, దీనికి మాత్రం కలవదు. వెనక్కి పంపించేయమంటారా?

జవాబు (బొబ్బిలి నుంచి):
పంపక్కర్లేదు బాబూ. మీ ప్లేయర్‌లో ఉన్న బ్లూటూత్ పుచ్చుకునేదే గాని ఇచ్చేది కాదు. ఫోన్‌లో పాట పెడితే ఆ పెట్టె స్పీకర్లలోంచి వస్తాది, అంతే. రికార్డు పాటని బయటికి పంపదు. హాల్లో ఉన్న స్పీకరూ పుచ్చుకునే రకమే. ఇద్దరూ చెయ్యి చాపుక్కూర్చుంటే ఇచ్చేవాడేడీ?

ప్లేయర్ వెనక ఎరుపు, తెలుపు గుండ్రటి సాకెట్లు రెండుంటాయి, చూడండి. మీ స్పీకర్‌కి ఆక్స్ కన్నం (బయటి పాటని వైరుతో తీసుకునేది) ఉంటే అక్కణ్నుంచి నేరుగా వైరు లాగీండి. ఒకే గదిలో ఉన్నప్పుడు నా ఓటు వైరుకే. వంద, రెండొందల్లో పనైపోతాది. వైరు వద్దంటే ఆ సాకెట్లకి పాటని బయటికి పంపే బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తగిలించాలి. షాపుల్లో బ్లూటూత్ అడిగితే చేతిలో పెట్టేది చాలావరకు పుచ్చుకునే రిసీవరే, పాత కారు స్టీరియోలకి వాడేది. అది మీకు పనికిరాదు. రెండు పనులూ చేసే రకమైతే పక్కన చిన్న మీట ఉంటాది, దాన్ని టీఎక్స్, అంటే పంపే వైపు జరపాలి.

కలిపేముందు ఇంట్లో అందరి ఫోన్లలోనూ బ్లూటూత్ ఆపీండి. లేకపోతే స్పీకర్ వెలగ్గానే పాత పరిచయం కొద్దీ ఫోన్‌కే అతుక్కుంటాది. ట్రాన్స్‌మిటర్‌కి తెర ఉండదు కాబట్టి పేరు చూసి ఎంచుకోడానికి లేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి, రెండిటినీ పెయిరింగ్‌లో ఉంచి, లైటు మిణుకు ఆగేదాకా ఓపిక పట్టండి. స్పీకర్‌ని మాత్రం ప్లేయర్ ఉన్న బల్ల మీద పెట్టకండి. ఆ అదురు ముల్లుకెక్కి, మళ్లీ స్పీకర్‌లోకొచ్చి, గుంయ్యిమని ఒకటే ఊళ.

ఆ బరువైన ప్లేట్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. దాని సంగతి వేరే చెప్తాను.

అడిగినవారు:
కలిసింది గురువుగారూ! మీరన్నట్టు మా అమ్మాయి ఫోనే అడ్డం. ఒక్క అనుమానం. ముల్లు దించితే ప్లేటు మీద 'టిక్కు' ముందు వినిపించి, స్పీకర్‌లో కాసేపాగి వస్తోంది. ఇది లోపమా?

బొబ్బిలి:
లోపం కాదు. బ్లూటూత్ పాటని ముక్కలు చేసి, కుదించి, పంపి, అవతల మళ్లీ విప్పాలి. దానికి సెకనులో పదో వంతో, అయిదో వంతో పడుతుంది. సినిమా చూస్తే పెదాలకీ మాటకీ పొంతన కుదరదు గాని, పాట వినడానికి ఏ ఇబ్బందీ లేదు.

ఇంకొకరు (చీపురుపల్లి):
కుదించిన పాటే వినాలంటే ఫోన్ చాలదేటండీ? రికార్డులెందుకు?

బొబ్బిలి:
ఆయన దగ్గరున్న ప్లేట్లు ఫోన్‌లో దొరికితే కదా.

ప్రశ్న (ఆమదాలవలస నుంచి):
ఇందులోనే నాదీ అడుగుతున్నానండీ. మాది విడి టర్న్‌టేబుల్, స్పీకర్లు లేనిది. ట్రాన్స్‌మిటర్ పెట్టేను, కలిసింది కూడా. కానీ వాల్యూమ్ మొత్తం పెట్టినా పీలగా వస్తోంది, తబలా వినబడదు, పైగా జుయ్‌మని హమ్మింగ్. ముల్లు జారుతోందని మా నాన్నగారు వాడినట్టే ముల్లు పైన రూపాయి బిళ్ల అతికించేను.

బొబ్బిలి:
అమ్మా, ముందు ఆ బిళ్ల తీసీండి. ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీని కార్ట్రిడ్జ్ అంటారు. ఈ కాలం కార్ట్రిడ్జ్‌లకి చాలావాటికి 1.5 నుంచి 2.5 గ్రాముల బరువే సరి. బిళ్ల ఒక్కటే 3 గ్రాములకి పైన. గాడి చెక్కేస్తాది. ముల్లుని మోసే చేతి వెనకున్న బరువుని తిప్పి సరిచెయ్యాలి.

ఇక పీల గొంతు. అయస్కాంతం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ఆక్స్‌కి కావల్సింది సుమారు 300. అంటే అరవై నుంచి వంద రెట్లు పెంచాలి. పెంచితే చాలదు. రికార్డు కోసేటప్పుడే మంద్ర స్వరాలు తగ్గించి, తార స్వరాలు పెంచి కోస్తారు. మంద్రం పూర్తిగా కోస్తే గాడి వెడల్పయిపోయి ప్లేటు మీద పాట పట్టదు. 1954 నుంచి ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) పెట్టిన ఒకే లెక్క మీద ఇది నడుస్తోంది. దాన్ని తిరగేసేదే ఫోనో ప్రీఆంప్. అది లేకే మీకు తబలా రాలేదు. టర్న్‌టేబుల్‌కీ ట్రాన్స్‌మిటర్‌కీ మధ్యన పెట్టాలి. కొనేముందు మీ టర్న్‌టేబుల్ వెనక ఫోనో, లైన్ అని మీట ఉందేమో చూడండి. ఉంటే ప్రీఆంప్ లోపలే ఉంది, లైన్ వైపు జరిపితే చాలు, పైసా ఖర్చు లేదు.

హమ్మింగ్‌కి మందు సిగ్నల్ వైర్ల పక్కన వేలాడే సన్నటి ఎర్త్ వైరు. ప్రీఆంప్ మీదున్న స్క్రూకి బిగించండి. వైర్లని కరెంటు అడాప్టర్‌కి దూరంగా లాగండి.

అడిగినవారు (విజయనగరం):
ఆ బరువైన ప్లేట్ల మాట? వాటికి బూజు పట్టింది. స్పిరిట్‌తో తుడవొచ్చా?

బొబ్బిలి:
వద్దు వద్దు! అవి 78 ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్క కలిపి చేసినవి. కర్ర సామానుకి పాలిష్ చేసేవాళ్లు లక్కని కరిగించేది స్పిరిట్‌లోనే. తుడిస్తే ద్వారం వారు గుడ్డకంటుకొచ్చేస్తారు. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి గుడ్డ తడిపి, గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. లేబుల్‌కి తడి తగలకూడదు. ఎల్పీలకైతే ఆ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసుకోవచ్చు.

ముల్లూ వేరే కావాలి. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78 ముల్లుది దానికి మూడు నాలుగింతలు. సన్నముల్లు పెడితే గాడి గోడల్ని అంటదు, అడుగున దుమ్ములో పాకుతాది, మీకు వయొలిన్ బదులు బుస వినిపిస్తాది. మీ ప్లేయర్‌లో 78 వేగం ఉందో లేదో, కార్ట్రిడ్జ్ మీద ఏ నంబరు ఉందో ఫొటో తీసి పెట్టండి. దానికి సరిపడే ముల్లేదో చెప్తాను.