26 ఏళ్లకే నడుం నొప్పి, కూర్చుంటే ఎక్కువవుతోంది

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదికి పైగా నడుం కింది భాగంలో నొప్పి. అరగంట కూర్చుంటే మొదలై ఎడమ పిర్రలోకి దిగుతుంది, లేచి నడిస్తే తగ్గుతుంది. వంగి షూ లేసులు కట్టుకోవడం కష్టం. కాళ్లలో తిమ్మిరి, బలహీనత లేవు. ఎమ్మారై స్కాన్‌లో ఎల్4-ఎల్5 అనే నడుం కింది వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కొద్దిగా ఉబ్బిందని, ఆపరేషన్ అక్కర్లేదని డాక్టర్ గారు చెప్పారు.

మాత్రలు వేసుకున్నన్నాళ్లే పనిచేశాయి. బెల్టు, నువ్వుల నూనె మర్దనా కూడా అయ్యాయి. ఫిజియోథెరపీలో నేర్పిన, భుజంగాసనం లాంటి వ్యాయామాలు రోజూ చేస్తున్నాను. పొద్దున హాయిగానే ఉంటుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి మళ్లీ అదే నొప్పి. నిలబడి పనిచేసే టేబుల్ ఆఫీసులో ఇవ్వరు. ఈ వయసులోనే ఇలా ఉంటే ముందు ముందు ఎలా అని భయమేస్తోంది.

ఇలాంటి డిస్క్ సమస్యతోనే రోజంతా కూర్చుని పనిచేసేవాళ్లు, సాయంత్రానికి నొప్పి ముదరకుండా పని మధ్యలో ఏం చేస్తున్నారు?