అప్‌డేట్: అమ్మ ఇంట్లో సామాను సర్దుబాటు

కాకినాడలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మ ఇల్లు అటకల నుంచి మంచాల కింది వరకు సామానుతో నిండిపోయిందని, ఆమె ఊళ్లో లేనప్పుడు అనవసరమైనవన్నీ తీసివేయించవచ్చా అని లోగడ అడిగాను. ఆమె లేకుండా ఏదీ కదపవద్దనీ, ఇళ్లు సర్దడమే వృత్తిగా చేసుకున్నవారిని పిలవమనీ ఎక్కువమంది సూచించారు, అలాగే చేశాము.

వచ్చినావిడ నాన్నగారి బట్టల జోలికి వెళ్లనే లేదు. గడువు తీరిన మందులు, మూతలు పోయిన ప్లాస్టిక్ డబ్బాలు, పాత కరెంటు బిల్లులు వంటి, మనసు పెద్దగా అంటిపెట్టుకోని వాటితో మొదలుపెట్టి, ఒక్కో రకం వస్తువులను ఇల్లంతా వెతికి ఒకేచోట చేర్పించారు. స్టీలు గిన్నెలు ఎన్ని ఉన్నాయో అమ్మ అప్పుడే కళ్లారా చూసింది. పెళ్లిళ్లలో వచ్చినవాటిలో చాలా భాగాన్ని తానే ఏరి పక్కన పెట్టింది. ఇత్తడి బిందెలు మాత్రం ఇవ్వనన్నది, వాటి గురించి ఎవరూ మళ్లీ అడగలేదు. ఈ నిదానమే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. చీరల మడతల మధ్య ఇంటి దస్తావేజు అసలు ప్రతి దొరికింది కనుక, ఏ కాగితాన్నీ చూడకుండా పాతకాగితాల వారికి వేయవద్దని మనవి.

వస్తువులను వదులుకోలేకపోవడం తీవ్రమైతే అది వేరే సంగతి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దానిని ప్రత్యేక మానసిక రుగ్మతగా గుర్తించింది. బలవంతంగా ఇల్లు ఖాళీ చేయిస్తే ఆ మనిషి బాధ పెరుగుతుందే తప్ప సమస్య తీరదు కాబట్టి, అటువంటప్పుడు మానసిక వైద్యులను సంప్రదించాలి. అమ్మది ఆ స్థితి కాదు. వంటిల్లు, ముందుగది పూర్తయ్యాయి. వెనుకగది పని సంక్రాంతి తరువాత మొదలుపెడతాము.