అప్‌డేట్: 20 శాతం నుంచి 6కి పడిపోయే ఛార్జ్, తప్పు సెల్‌ది కాదు

నా ఎలక్ట్రిక్ కారులో ఛార్జ్ 20 శాతం ఉండగానే ఫ్లైఓవర్ ఎక్కితే 6కి పడిపోయి, పవర్ తగ్గించినట్టు చెప్పే తాబేలు గుర్తు వచ్చి కారు నెమ్మదిస్తోందని అడిగాను కదా (బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ ప్యాక్, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ది). కారణం దొరికింది.

మీరు చెప్పినట్టే ముందు స్లో ఛార్జర్‌తో మూడుసార్లు 100 దాకా పెట్టి, నిండాక కూడా కొన్ని గంటలు ప్లగ్ తీయలేదు. ఎల్ఎఫ్‌పీలో మధ్య భాగమంతా వోల్టేజ్ సెల్‌కు దాదాపు 3.2–3.3 వోల్ట్ల దగ్గరే ఉంటుంది కాబట్టి, పూర్తిగా నిండితే తప్ప బీఎంఎస్ (బ్యాటరీని చూసుకునే కంట్రోలర్) ఛార్జ్ లెక్క సరిచేసుకోలేదు, సెల్స్‌ను సమం చేయలేదు. శాతం కాస్త కుదురుకుంది కానీ పడిపోవడం ఆగలేదు.

అసలు గుట్టు ఓబీడీ (కారు డయాగ్నస్టిక్ పోర్ట్) రీడింగుల్లో బయటపడింది. కారు ఆగి ఉంటే అన్ని సెల్స్ వోల్టేజ్ సమానమే. యాక్సిలరేటర్ నొక్కితే ఒక్క సెల్ మాత్రం దిగుతోంది, రీజెన్‌లో (బ్రేకింగ్‌తో బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు) అదే సెల్ మిగతావాటికంటే పైకి పోతోంది. సెల్ కెపాసిటీయే తగ్గి ఉంటే ఛార్జ్ అడుగంటే కొద్దీ తేడా పెరగాలి. ఇక్కడ 60 శాతం దగ్గరా అంతే తేడా, కరెంటును బట్టి మారుతోంది. అంటే ఆ సెల్ దారిలో ఎక్కడో రెసిస్టెన్స్ పెరిగింది. ఒక్క మిల్లీఓమ్ ఉన్నా 100 ఆంపియర్ల దగ్గర 0.1 వోల్ట్ పోతుంది, ఆ సెల్ ఖాళీ అయినట్టు బీఎంఎస్‌కు కనిపిస్తుంది.

సర్వీస్ సెంటర్లో ప్యాక్ విప్పితే మాడ్యూళ్లను (సెల్స్ గుంపులను) కలిపే బస్‌బార్ (లోహపు పట్టీ) బోల్టు వదులై, కింద నల్లబడి ఉంది. శుభ్రం చేసి, కంపెనీ మాన్యువల్ ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించారు. మాడ్యూల్ మార్చాల్సిన పనే లేదు, మొదటి అంచనా మాత్రం అదే ఇచ్చారు!

ఇది ఇంట్లో చేసే పని కాదు. సర్వీస్ ప్లగ్ (హై వోల్టేజ్‌ను విడదీసేది) తీసి కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యేదాకా ఆగినా, ప్యాక్ లోపల సెల్స్ వోల్టేజ్ అలాగే ఉంటుంది.