కొండచిలువ గోళ్లు పరిణామానికి సాక్ష్యమా, కాదా?

సాగర్‌నగర్_వాసి: మా లేఅవుట్‌లోకి కంబాలకొండ వైపు నుంచి కొండచిలువ వచ్చింది. స్నేక్ క్యాచర్ దాన్ని పట్టుకుని, తోక మొదట్లో చెరో పక్కా ఉన్న చిన్న గోళ్లు చూపించాడు. ఒకప్పుడు అవి కాళ్లట. నిజమేనా?

బయాలజీ_మేడమ్_ఎంవీపీ: నిజమే. గోరు వెనకాల ఒంటి లోపల కటి ఎముక, తొడ ఎముక చిన్న ముక్కలుగా మిగిలి ఉంటాయి. గుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడు వెనక కాళ్ల మొగ్గలు మొదలై మధ్యలో ఆగిపోతాయి. కాలు పెరగాలంటే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు ఆన్ కావాలి. దాన్ని ఆన్ చేసే డీఎన్‌ఏ స్విచ్ పాముల్లో దెబ్బతింది. 2016లో ఎలుకల్లో ఆ స్విచ్ తీసేసి పాముది పెట్టి చూశారు. కాళ్లు మొండిగా ఆగిపోయాయి. సీలకాంత్ అనే చేపది పెడితే మామూలుగానే పెరిగాయి.

గాజువాక_ఇంజినీర్: నా సర్వీసంతా ఓడల డిజైన్‌లోనే గడిచింది. ఒకే రకం వాల్వు టగ్గులోనూ వేస్తాం, ట్యాంకర్‌లోనూ వేస్తాం. అంతమాత్రాన టగ్గుకి ట్యాంకర్ పుట్టిందంటామా? ఒకే జన్యువు అన్నిట్లో ఉందంటే చేసినవాడు ఒకడేనని కూడా అనుకోవచ్చు. పైగా ఆ గోళ్లు వ్యర్థం కాదు. జతకట్టేటప్పుడు మగ పాము వాటిని వాడుతుంది. పనిచేస్తున్నదాన్ని పట్టుకుని మిగిలిపోయిందంటారేంటి?

పెందుర్తి_కుర్రాడు: అంకుల్ పాయింట్ కరెక్టే. పనిచేస్తోంది కదా.

బయాలజీ_మేడమ్_ఎంవీపీ: వ్యర్థమని నేనెక్కడ అన్నానండి? పాత అవయవం కొత్త పనికి కుదురుకోవచ్చు. జతకట్టడానికే చేసిన గోరైతే దాని వెనక తొడ ఎముక ఎందుకు? ఇక వాల్వు మాట. మీరు ఏ ఓడకి ఏది నప్పితే అది వేస్తారు. జంతువుల్లో అలా లేదు. ఫిషింగ్ హార్బర్‌లో ట్యూనా తోక చూడండి, నిలువుగా ఉంటుంది, పక్కలకి కొడుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా ఉంటుంది, పైకీ కిందకీ ఆడుతుంది. నీరు అదే, ఈత అదే. అయినా డాల్ఫిన్ వెన్ను పరుగెత్తే జంతువుల వెన్నులాగే వంగుతుంది. దాని ముందు రెక్క కోస్తే లోపల చేయి, ముంజేయి, మణికట్టు, వేళ్లు. గబ్బిలం రెక్కలోనూ అవే. పని వేరైనా ఎముకల వరుస మారలేదు.

సింహాచలం_రోడ్: మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం. ఇదంతా మనవాళ్లు ఎప్పుడో చెప్పారు.

కంచరపాలెం_లక్ష్మి: నేనూ అప్పన్న భక్తురాలినే, చందనోత్సవానికి క్యూలో నిలబడే మనిషినే. కానీ ఒక అవతారం కడుపున ఇంకో అవతారం పుట్టలేదు, అన్నీ ఆ స్వామే. దయచేసి రెండూ కలపకండి.

గాజువాక_ఇంజినీర్: మేడమ్, ఎలుక కాళ్లు పోగొట్టారు, సరే. చెడగొట్టడం ఎవరైనా చేస్తారు. బాగు చేసి చూపించారా?

బయాలజీ_మేడమ్_ఎంవీపీ: చూపించారు. పాము స్విచ్‌లో 17 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయి ఉన్నాయి. వాటిని తిరిగి చేర్చి ఎలుకలో పెడితే కాళ్లు వచ్చాయి. కాళ్లే అక్కర్లేని జంతువులో కాళ్ల స్విచ్ విరిగిన స్థితిలో ఎందుకుంది? దానికి మీ డిజైనర్ దగ్గర జవాబు లేదు. జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్‌లో భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు రాళ్లు సేకరించారు. వాటిలో శిలాజంగా ఉన్న ఇండోహయస్ అనే గిట్టల జంతువుకి తిమింగలాల తరహా చెవి ఎముక ఉందని 2007లో థీవిసెన్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటిది. అంటే డాల్ఫిన్లు, తిమింగలాల చుట్టాలు ఒకప్పుడు నేల మీద నడిచినవేనన్నమాట. ఇవేవీ చదవకుండా వాదిస్తే ఎలాగండి?

గాజువాక_ఇంజినీర్: చదవలేదంటారా? నా మనవరాలు స్కూల్లో ఇదే అడిగింది, పాముకి కాళ్లెలా పోయాయని. సిలబస్‌లో లేదు, కూర్చో అన్నారు. క్లాసంతా నవ్వారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆ పిల్ల. పాము సంగతి కాదు మేడమ్ నా బాధ. అడిగితే కసురుతారు, అడక్కపోతే నమ్మమంటారు.

సాగర్‌నగర్_వాసి: అయ్యో. పాపం పిల్ల.

బయాలజీ_మేడమ్_ఎంవీపీ: నా కడుపుమంటా అక్కడే. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. తర్వాత ఎంపీసీకి వెళ్లే పిల్లలు జీవితంలో మళ్లీ దాని మొహం చూడరు. పాఠం ఉంటేనే కదా, కూర్చో అనడానికి టీచరుకి నోరు రాదు!

గాజువాక_ఇంజినీర్: తీసేయడమే మంచిది. మీరు చెప్పినట్టు ఎముక పట్టుకుని చూపించే టీచర్లు ఎంతమంది? చూపించలేని పాఠం బట్టీ పట్టించడం కంటే లేకపోవడం నయం.

బయాలజీ_మేడమ్_ఎంవీపీ: అక్కడే మీతో నాకు పేచీ. టీచరు చేతకానితనానికి పిల్లల పుస్తకం చింపుతారా? చూపించడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఆదివారం చికెన్ రెక్క ఒకటి ఉడికించి మీ మనవరాలి చేత మాంసం తీయించండి. పైన ఒక ఎముక, తర్వాత రెండు, కొసన కలిసిపోయిన వేళ్లు. పక్కన తన చేయి పెట్టుకుని చూసుకోమనండి. తను ఏం అడిగినా ఇక్కడ రాయండి, నేను జవాబిస్తాను.

గాజువాక_ఇంజినీర్: చేయిస్తాను. తన ప్రశ్న తనతోనే టైప్ చేయిస్తాను. పుస్తకం విషయంలో మాత్రం నా మాట అదే.