ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష: కొత్త వాక్యం ఇస్తే ఏదేదో పట్టేదెట్ల?

దేవరకొండ_తెలుగు:
అందరికి నమస్తే. నేను నల్లగొండల డిగ్రీ ఫైనలియర్, తెలుగు సాహిత్యం తీసుకున్న, దీని తర్వాత టెట్, డీఎస్సీ రాద్దామని ఉన్న. అలంకారాల లక్షణాలు అన్నీ నోటికొస్తయి, ఉపమేయం (దేన్ని పోలుస్తమో అది), ఉపమానం (దేంతోటి పోలుస్తమో అది), సమానధర్మం (రెండిట్ల ఉండే గుణం), ఉపమావాచకం (పోలిక మాట) నాలుగూ చెప్త, గైడ్ల ఉన్న ఉదాహరణ ఇస్తే పేరు టక్కున చెప్త, కానీ ఎన్నడు చూడని వాక్యం ఇచ్చి ఇదేం అలంకారం అంటే ఉపమనా ఉత్ప్రేక్షనా అని అక్కడనే తన్లాడుతున్న. 'లా, వలె, వంటి' కనవడితే ఉపమ, 'అన్నట్లు, కాబోలు' ఉంటే ఉత్ప్రేక్ష, ఏదీ లేకుంటే రూపకం అని కోచింగ్‌ల చెప్పిన్రు. కొన్నిట్ల పనిచేస్తది, కొన్నిట్ల చెయ్యదు. ఛేకానుప్రాస, యమకం, లాటానుప్రాస కూడ నాకు ఒక్కతీర్గనే కొడ్తయి. జర మన దిక్కు ఉదాహరణలతోటి ఎవరన్న చెప్పుండ్రి.

పాలమూరు_పంతులు:
చెల్లె, ముందుగాల ఆ షార్ట్‌కట్ పక్కకు పెట్టు. 'లా' ఉన్నదా లేదా అని వెతుకుడు కాదు, వాక్యంల రెండు వస్తువులున్నయా, ఉంటే ఆ రెండిటిని కవి ఏం చేస్తున్నడు, అది చూడాలె. "వాన వచ్చేలా ఉంది" అన్నం. 'లా' ఉన్నది గదా, మరి ఉపమనా? దేన్ని దేంతోటి పోల్చినం? ఏం పోల్చలేదు, ఉట్టి అంచనా అది, అలంకారమే కాదు.

ఇగ సాగర్ డ్యాం కాడికి పోదాం. వానకాలం పై నుంచి వరదొచ్చి 26 గేట్లు ఎత్తిన్రనుకో. "నీళ్లు పాలలా తెల్లగ దుంకుతున్నయి" అంటే నీళ్లు ఉపమేయం, పాలు ఉపమానం, తెల్లదనం సమానధర్మం, 'లా' ఉపమావాచకం, నాలుగూ ఉన్నయి కాబట్టి పూర్ణోపమ. 'తెల్లగ' తీసేస్తే లుప్తోపమ. రెండు వస్తువులు పక్కపక్కన నిలవడ్డయి, ఏది దానికదే. అవే నీళ్లను చూసి "పాలసముద్రం కట్ట తెంపుకొని వస్తున్నదా అన్నట్లున్నది" అంటే ఉత్ప్రేక్ష, ఎందుకంటే ఇక్కడ పోల్చి ఊకోలేదు, ఇది అదేనేమో అని ఊహించిండు. అవి నీళ్లే అని ఆయనకు ఎరుకే, ఎరుకుండే ఊహిస్తున్నడు, ఆ సంగతి గట్టిగ పట్టుకో. ఎరుక లేకుంట నిజంగనే పాలనుకుంటే భ్రాంతిమంతం అయితది, వెన్నెలను పాలనుకొని పిల్లి నాకింది అని చెప్తరు సూడు, గది. "ఈ నీళ్లే ఆయకట్టుకు తల్లిపాలు" అంటే రూపకం, రెండూ ఒక్కటే అని తేల్చి చెప్పిండు, పోలిక మాట లేదు, ఊహ లేదు. ఇంకో మెట్టు ఎక్కి అసలు నీళ్ల పేరే ఎత్తకుండ "గేట్లల్ల పాలు పొంగుతున్నయి" అన్నడనుకో, ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది, దాన్ని రూపకాతిశయోక్తి అంటరు, అతిశయోక్తిల ఒక రకం. చూసిన్రా, ఒకే నీళ్లు, ఒకే పాలు, అలంకారం మారుకుంట పోయింది. నువ్వు కూడ ఒకే వస్తువు తీసుకొని ఇట్ల నాలుగు తీర్ల రాసి చూడు, పుస్తకం చదివినదానికన్న ఎక్కువ ఎక్కుతది.

గద్వాల_అక్క:
పంతులు సార్ మంచిగ చెప్పిన్రు, సమాసాల సంగతి నేను కలుపుత, ఎందుకంటే పద్యాలల్ల ఎక్కువ అక్కడనే పోరగాండ్లు ఆగిపోతరు. 'విద్యాధనం' అంటే విద్య అనెడి ధనం, రూపక సమాసం, ఇది అందరికి ఎరుకే. మరి 'ముఖపద్మం'? పద్మం వంటి ముఖం అని విడగొట్టొచ్చు, ముఖమనెడి పద్మం అని కూడ విడగొట్టొచ్చు, రెండూ కుదురుతయి. అప్పుడు క్రియను చూడాలె. "ముఖపద్మం మీది చెమట తుడుచుకున్నది" అంటే చెమట పట్టేది ముఖానికే, పద్మానికి కాదు, ముఖమే ముఖ్యం, కాబట్టి ఉపమ. "ముఖపద్మం వికసించింది" అంటే వికసించే పని పద్మానిది, కాబట్టి రూపకం. 'పాదపద్మాలకు మొక్కిండు' అంటే మొక్కేది పాదాలకు. 'జ్ఞానదీపం వెలిగించిండు' అంటే వెలిగించేది దీపాన్ని. ఇట్ల పని ఎవరిదో అడిగితే సమాసం తనంతట తనే విడిపోతది. నాకైతే అలంకారశాస్త్రంల అన్నిటికన్న ఇష్టమైన ముచ్చట ఇదే, ఒక్క క్రియాపదం మొత్తం సమాసం అర్థాన్నే తిప్పేస్తది.

ఇన్ని పేర్లెట్ల గుర్తుపెట్టుకోవాలె అని భయపడకు. భరతుడు నాట్యశాస్త్రంల చెప్పినవి నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. తర్వాతోళ్లు చీల్చుకుంట చీల్చుకుంట పోయిన్రు. ఉపమ గట్టిగ పట్టుబడితే పోలిక మీద నడిచే అలంకారాలన్ని దాని ఎంబడే వస్తయి.

మిర్యాలగూడ_పోరడు:
శబ్దాలంకారాలు, అంటే మాటల చప్పుడు మీద నడిచే అలంకారాలు, నేను చెప్త అక్కా. "ఈ ఎండకు కంది కందిపోయింది" చూడు, మొదటి కంది పంట, రెండోది వాడిపోవుడు, అర్థం వేరు, మధ్యల ఏం అడ్డం లేకుండ వెంటనే వచ్చింది, ఛేకానుప్రాస. అదే "కంది చేను ఎండకు కందిపోయింది" అని మధ్యల మాటలు వడితే యమకం. "నీళ్లున్న చెరువే చెరువు" అంటే రెండు చెరువులకు అర్థం ఒక్కటే, కానీ రెండోసారి అన్నప్పుడు అసలైన చెరువు అనే భావం వస్తది, తాత్పర్యం మారింది, లాటానుప్రాస. అర్థం మారిందా, తాత్పర్యమే మారిందా అని ముందుగాల అడుగు, మారింది అర్థమే అయితే పక్కపక్కన ఉన్నయా, ఎడం ఉన్నదా అని అడుగు. అయిపాయె. ఇంకోటి, ప్రాస వేరు అంత్యానుప్రాస వేరు, ప్రాస పద్యంల పాదం రెండో అక్షరం, అంత్యానుప్రాస పాదం ఆఖరుకు వస్తది, బిట్ పేపర్ల ఈ రెండు ఆప్షన్లు పక్కపక్కనే ఇస్తరు.

మరి "ఊరు ఊరంతా కురుమూర్తి జాతరకు పోయింది" అంటరు గదా, ఊరు ఎట్ల పోతది, దీన్నేమంటరు సార్?

పాలమూరు_పంతులు:
తమ్మీ, అది లక్షణ. అలంకారం కన్న ముందు ఉండే సంగతి, శబ్దశక్తి, అంటే మాట అర్థాన్నిచ్చే తీరు. ఊరు అన్న మాటకు మామూలు అర్థం అక్కడ కుదరదు, అందుకని దానికి సంబంధం ఉన్న ఇంకో అర్థం, అంటే ఊరి జనం, తీసుకుంటం. 'గంగలో గొల్లపల్లె' అని శాస్త్రంల చెప్పే ఉదాహరణ ఇదే, నీళ్లల్ల పల్లె ఉండదు, గంగ ఒడ్డున అని అర్థం.

చెల్లె, చూడని పద్యాల మీద ప్రాక్టీస్ కావాలంటే గోలకొండ కవుల సంచిక దొరకవట్టుకో. మన పాలమూరోడే సురవరం ప్రతాపరెడ్డి 1934ల తెచ్చిండు, 354 మంది తెలంగాణ కవులున్నరు అందుల, చానామటుకు గైడ్లల్ల కనవడని పద్యాలు. రోజుకొక పద్యం తీసి, ఏది ఉపమేయం ఏది ఉపమానం అని పెన్సిల్‌తోటి గీత గీసుకుంట చదువు.

దేవరకొండ_తెలుగు:
అందరికి శనార్తులు, చానా క్లియర్ అయింది. సార్, రెండు రాసిన చూడుండ్రి. రెండూ మన పాలమూరు కాడి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి మీదనే. ఒకటి, "పిల్లలమర్రి ఊడలు నేలను తడుముతున్న చేతులా అన్నట్లున్నయి", ఇది ఉత్ప్రేక్ష. రెండోది, "పిల్లలమర్రి నీడల కూసుంటే అమ్మ ఒడిల కూసున్నట్టు హాయిగ ఉంటది". దీంట్ల 'అట్టు' ఉన్నది కాబట్టి ఇది కూడ ఉత్ప్రేక్షనేనా?

పాలమూరు_పంతులు:
మొదటిది సరే. రెండోది ఉపమ. నీడల కూసునుడు ఉపమేయం, ఒడిల కూసునుడు ఉపమానం, హాయి సమానధర్మం, 'అట్టు' ఉపమావాచకం. నీడనే ఒడేమో అని నువ్వు ఊహించలేదు, ఒడిల ఉన్న హాయి ఇక్కడ కూడ ఉన్నదని పోల్చినవు. దాన్నే "ఈ నీడ అమ్మ ఒడి కాబోలు" అని మార్చి రాయి, అప్పుడు ఉత్ప్రేక్ష అయితది.