ధూళిధూసరమా, ధూమధూసరమా?

శాక్రమెంటో మనవరాలు:
అందరికీ నమస్కారం. పోతన భాగవతంలోని ఒక పద్యపాదంలో ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. మీరే గట్టెక్కించాలి.

మొన్న శనివారం ఇక్కడి రైలు మ్యూజియంలో సదరన్ పసిఫిక్ రైల్వే వారి 4294 నంబరు ఇంజను ముందు చాలాసేపు నిలబడ్డాను. అది ఆవిరి ఇంజనే, కానీ డ్రైవరు గది వెనక కాదు, అన్నిటికన్నా ముందు ఉంటుంది. పొగగొట్టం ఎక్కడో వెనక, ఇంధనం, నీళ్లు మోసే టెండరుకు దగ్గరగా. గుండ్రటి మొహం కనిపించాల్సిన చోట ఇనుప గోడ, కిటికీలు. తెలియనివాళ్లు ఫొటో చూస్తే ఇంజను వెనక్కి నడుస్తోందనుకుంటారు.

నాకు వెంటనే తాతయ్య గుర్తొచ్చారు. ఆయన కాజీపేటలో బొగ్గింజను డ్రైవరు. నేను పుట్టేసరికే రిటైరయ్యారు కాబట్టి ఇది అమ్మ కళ్లతో చూసిన దృశ్యం. డ్యూటీ దిగి వచ్చి నూతి గట్టు దగ్గర మొహం కడుక్కుంటే మొదటి చెంబు నీళ్లు నల్లగా, మూడో చెంబు నీళ్లు బూడిదరంగులో పారేవట. కనుకొలకుల్లోని మసి సబ్బుకు లొంగేది కాదు. అమ్మమ్మ గుడ్డ కొసను కొబ్బరినూనెలో ముంచి తీసేది. ఆమె తీస్తున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకునేవారు: “హయరింఖాముఖ ధూమధూసర పరిన్యస్తాలకోపేతమై...”

ఆ పాదాన్నే 4294 ఫొటో కింద రాసి మా ఇంటివాళ్లకు పంపాను. అది “ధూళిధూసర” కదా అని అన్నయ్య సరిదిద్దాడు. పుస్తకం తీస్తే నిజంగానే ధూళి. కానీ అమ్మ నోట నేను విన్నది ధూమ. ఇలాంటి పాఠాంతరం ఎక్కడైనా ఉందా, లేక తాతయ్యే మార్చుకున్నారా?

పాత ఛందస్సు:
అమ్మా, ఛందస్సును అడిగితే తీర్పు రాదు. మత్తేభంలో మూడోది రగణం. ధూ-ళి-ధూ, ధూ-మ-ధూ రెండూ ఒదుగుతాయి. 8వ అక్షరం లఘువైతే చాలు. యతి 14వ అక్షరమైన “న్య”లోని యకారానికి, ప్రాస కూడా యకారానికే. ఆ రెండు చోట్లా మీ తాతగారు చెయ్యి పెట్టలేదు. అంటే మార్చినాయన పద్యం తెలిసినవాడే. చెవికి తోచినట్లు పాడేవాళ్లు ఇంత శుభ్రంగా మార్చలేరు.

అర్థాన్ని అడిగితే మాత్రం ధూళే. రింఖ అంటే గుర్రపు గిట్ట, రింఖాముఖం గిట్ట కొన. గిట్ట కొన నుంచి లేచేది దుమ్ము, పొగ కాదు.

అమరకోశం:
ఛందస్సు గారూ, తొందరపడకండి. అంపశయ్య మీద భీష్ముడు పార్థసారథి కృష్ణుణ్ణి తలచుకునే భీష్మస్తుతిలోని ఈ పద్యానికి సంస్కృత మూలం ఒకసారి చూడండి: “యుధి తురగరజోవిధూమ్ర...” వ్యాసుడి శ్లోకంలోనే ధూమ్రం ఉంది! గుర్రాలు లేపిన రజస్సు, అంటే దుమ్ము చేత పొగరంగుకు తిరిగిన ముంగురులు అని. పోతన ఆ ధూమ్రాన్ని వదిలి ధూసరం పట్టుకున్నాడు. తాతగారు మూలం ఎరిగిన మనిషైతే ధూమ శబ్దం ఊరికే వచ్చి ఉండదు.

రంగులు కూడా వేరు. అమరకోశంలో అమరుడు “ఈషత్పాండుస్తు ధూసరః” అన్నాడు, అంటే కాస్త పాలిపోయిన తెలుపు. “ధూమ్రధూమలౌ కృష్ణలోహితే” అనీ అన్నాడు, అంటే నలుపూ ఎరుపూ కలిసిన రంగు. కురుక్షేత్రంలో మట్టి కొట్టుకుపోయిన సారథి మొహం ధూసరం. నిప్పుగది తలుపు తెరిచినప్పుడు ఎర్రటి వెలుగు పడిన మసి మొహం ధూమ్రం. మొదటి చెంబుకు ఒక మాట, మూడో చెంబుకు ఒక మాట!

పట్టాల పక్కన:
నేను పద్యాలవాణ్ణి కాదు, ఇంజన్లవాణ్ణి. 4294 పేరు వినబడితే ఊరుకోలేను.

మనవరాలు గారూ, మీకు తాతయ్య గుర్తు రావడం యాదృచ్ఛికం కాదు. ఆ గది ముందుకు వచ్చిందే పొగ వల్ల. సియెర్రా నెవాడా కొండల్లో డానర్ కనుమ దారిన మంచు పట్టాల మీద పేరుకోకుండా మైళ్ల పొడవునా చెక్క కప్పులు కట్టారు. 1909లో ఆ దారికి మాలెట్ అనే రకం భారీ ఇంజన్లు తెస్తే, కప్పుల కిందా సొరంగాల్లోనూ పొగ, వేడి చిక్కుకుని వెనక గదిలోని మనుషులకు ఊపిరి ఆడలేదు. ఇంజన్ను తిప్పి వెనక్కి నడిపితే పొగ వెనకబడుతుందని అక్కడివాళ్లే కనిపెట్టారు. ఆ ఆలోచనకే రూపమిచ్చి బాల్డ్విన్ కర్మాగారం 1910 నుంచి గది ముందున్న ఇంజన్లు పంపింది. 1944 వరకు మొత్తం 256 తయారయ్యాయి. మీరు చూసింది చిట్టచివరిది, మిగిలింది కూడా అదొక్కటే.

ఇంకో సంగతి. ఆ ఇంజన్లు నూనెతో నడిచేవి కాబట్టే ఇది కుదిరింది. నిప్పుగది ముందు కొసన, టెండరు వెనక కొసన ఉంటే బొగ్గు ఎవరు మోస్తారు? నూనెనైతే కాస్త ఒత్తిడి పెట్టి గొట్టంలో పంపవచ్చు. మీ తాతగారు కాజీపేటలో ఆ సుఖం ఎరుగరు. అందుకని నా ఓటు ధూమానికి!

మా రైలు అభిమానుల్లో ఈ రూపం మీద ఎప్పుడూ రెండు పక్షాలు. ఆవిరి ఇంజను అందమంతా ముందున్న గుండ్రటి పొగపెట్టె మొహంలోనే ఉందని, అది లేకపోతే ఇంజను తల తిప్పుకుని పోతున్నట్లు ఉంటుందని ఒక పక్షం. నేను రెండో పక్షం. మొహం ఉండవలసింది లోపల కూర్చున్న మనిషికి. ఎదురు బండి గుద్దితే మొదటి దెబ్బ తమకే తగులుతుందని మొదట్లో సిబ్బంది జంకారు. తరువాత గాలి, చూపు రెండూ దొరికేసరికి ఆ గదిని వదలడానికి ఇష్టపడలేదు.

పాత ఛందస్సు:
“ఓటు” వేసి పాఠం నిర్ణయించరు బాబూ. అమరకోశం గారూ, మూలంలో విధూమ్ర ఉందన్నది నిజమే. అయితే పోతన దాన్ని మార్చాడంటే చెవితో మార్చాడు. ధూళి ధూసర, ఆ “ళి” దగ్గర నాలుక మడిచి విడిచినప్పుడు గిట్ట నేలను తన్ని లేచినట్లు ఉంటుంది. “ధూమధూ” అన్నప్పుడు పెదవులు మూసుకుని గాలి ఆగిపోతుంది. నేను 30 ఏళ్లు తరగతిలో ఈ పద్యం చదివాను. ఒక్కసారి కూడా ఆ ళకారాన్ని తేలిగ్గా దాటలేదు.

గూడుబండి:
అందరూ ధూళిలోనే ఉన్నారు. ఆ సారథి కూర్చున్న చోటుకు మాట ఏమిటో ఎవరూ అడగరేం? “డ్రైవరు గది” అని రాస్తున్నారు. గది ఇంట్లో ఉంటుంది. దీనికి మన మాట గూడు. పైన కప్పు వేసిన ఎడ్లబండి గూడుబండి. సంస్కృతంలో రథం మీద కూర్చునే చోటు రథనీడం, నీడమంటే గూడే. తెలుగు, సంస్కృతం రెండూ ఒకే పోలికతో నిలిచిన చోట కొత్త మాట వెతకడం దేనికి? 4294ను “ముందుగూటి ఇంజను” అనండి, ఎంత బాగుంటుందో.

అమరకోశం:
గూడుబండి గారూ, గూటిలో కూర్చునేది ప్రయాణికుడు. బండివాడు కూర్చునేది నొగల మీద, ఎద్దుల తోకలు చేతికి తగిలేటంత దగ్గర. అర్జునుడు చతికిలబడింది రథోపస్థంలో, అంటే రథంలో కూర్చునే చోట. కృష్ణుడు అక్కడ లేడు, ముందున్నాడు. గిట్టల దుమ్ము మొహాన పడింది అందుకే. సారథి స్థానం నొగ.

గూడుబండి:
నొగ అంటే కొయ్య. కొయ్యకు కిటికీలు ఉంటాయా?

పట్టాల పక్కన:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. సారథి ముందే ఉండాలన్న నియమమేమీ లేదు. పెన్సిల్వేనియా ప్రాంతంలో బాయిలరు నడుం మీద గది పెట్టిన ఇంజన్లు ఉండేవి. గట్టి బొగ్గు గనుల దగ్గర పారేసే పొడిని కాల్చడానికి వూటెన్ అనే ఇంజనీరు చాలా వెడల్పాటి నిప్పుగది చేశాడు. గది వెనకే ఉంటే దాని అవతలికి చూపు ఆనదు, అందుకని డ్రైవరును మధ్యకు జరిపారు. బొగ్గు వేసే ఫైర్‌మాన్ వెనక ఒంటరిగా, నెత్తిన చిన్న రేకుతో. చక్రాలను తిప్పే కడ్డీ విరిగితే నేరుగా డ్రైవరు కాళ్ల కిందికే వచ్చేది. అభిమానులు దాన్ని ఒంటె వీపు అని ముద్దుగా పిలుచుకుంటారు కానీ, నాకు ఆ ఫొటోలు చూసినప్పుడల్లా ఆ ఫైర్‌మానే కళ్లలో మెదులుతాడు.

మన దగ్గరి డీజిల్ డబ్ల్యూడీపీ-4 సంగతీ అంతే. గది ఒక్క కొసనే ఉంది. పొడుగు ముక్కు ముందుంచి నడిపితే పట్టాలు సరిగా కనిపించవు. అందుకే డబ్ల్యూడీపీ-4డీలో రెండో కొసన మరో గది కట్టారు. సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం చివర దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు రూపం నచ్చలేదు. లోపలి మనిషిని తలచుకున్నాక నచ్చింది.

గూడుబండి:
అంటే రెండు గూళ్ల ఇంజను!

పాత ఛందస్సు:
సారథి స్థానం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అదే స్తుతిలో కాస్త తరువాత వచ్చే సీసం తలచుకోండి, “కుప్పించి యెగసిన”. నొగో, గూడో, ఏదైతేనేం, అక్కడి నుంచి సారథి దూకిన పద్యం అది. పగ్గాలు వదిలి, చక్రం పట్టి, పచ్చని పటం జారుతుంటే నేలకు ఉరికాడు. ఆ ఉరుకుకు ముందే మన మత్తేభంలో మొహం దగ్గరికి తీసుకువచ్చి, చెమట చుక్కలు కూడా లెక్కపెట్టించాడు పోతన. “రయజాత శ్రమ తోయబిందుయుతమై రాజిల్లు నెమ్మోముతో”. బాణాలు వేసిన భీష్ముడే ఆ మొహాన్ని నెమ్మోము అంటున్నాడు. మసి తుడుస్తున్న అమ్మమ్మగారి ఎదుట మీ తాతగారికి ఈ పద్యమే ఎందుకు వచ్చిందో నాకు ఇప్పుడు అర్థమైంది.

అమరకోశం:
ఇదే మాట నేను అనబోతున్నాను. అయినా ప్రశ్న 8వ అక్షరం గురించి. “ధూమ్రధూసర” అని చదివి చూడండి, అదీ గణానికి నిలుస్తుంది. ముందున్న ధూ ఎలాగూ గురువే. మనవరాలు గారూ, తాతగారు పలికింది “మ” అని మీ అమ్మగారికి రూఢిగా తెలుసా? ఆ తడి మొహంతో పలికిన “మ్ర” వినేవారికి “మ” లాగే ఉంటుంది.

శాక్రమెంటో మనవరాలు:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి అమ్మతోనూ హనుమకొండలో ఉన్న పిన్నితోనూ ఒకేసారి ఫోన్లో మాట్లాడాను. అమ్మ “మ” అనే అంటోంది, రకారం లేదట. పిన్ని మాత్రం తాతయ్య ధూళి అనేవారని గట్టిగా చెబుతోంది. అమ్మకూ పిన్నికీ పదకొండేళ్ల తేడా. పిన్నికి ఊహ తెలిసేసరికి తాతయ్య డీజిల్ ఇంజను ఎక్కారు. మసి మొహం ఆమె చూడనే లేదు. మాట మారిందా, ఇంజను మారాక మళ్లీ పోతన దగ్గరికి వెళ్లారా?

పట్టాల పక్కన:
అదే అదే! ఇంజనుతో పాటు పద్యమూ మారింది.

పాత ఛందస్సు:
ఒక్క నిమిషం. పిన్నిగారికి ఈ పద్యం బడిలో పాఠంగా ఉండేదేమో కనుక్కోండి. కంఠస్థం చేసిన పాఠం ఇంట్లో విన్నదాన్ని కమ్మేస్తుంది. నా విద్యార్థుల్లోనే చూశాను.

అమరకోశం:
ఇంట్లో ఆయన చదివిన భాగవతం ప్రతి ఉంటే ఆ పుట అంచులు చూడమనండి. పెన్సిల్ గీత ఏదైనా ఉండవచ్చు.

శాక్రమెంటో మనవరాలు:
ప్రతి పిన్ని దగ్గరే ఉంది, అటక మీద. ఆదివారం దింపిస్తానంది.

గూడుబండి:
దింపేటప్పుడు నొగ అన్న మాట ఎక్కడైనా కనబడితే అది కూడా రాసి పెట్టమనండి.